వాకిలి దాటి రాకూడని రాగం

ధర్మపురి
ఆడి నెల, ఆదివారం

ప్రియమైన నాయనకు,

సరణ్య రాస్తున్నాను. నేను బాగున్నాను. హాస్టల్ సాంబారు ఎప్పటిలాగే ఉంది, దాని గురించి రాస్తే కాగితం దండగ. ఈసారి సేలంలో మందు ఎక్కించాక అమ్మకు వాంతులు తగ్గాయా? జుట్టంతా ఊడిపోయిందని ఫోన్లో ఏడ్చింది. తర్వాత తానే నవ్వి, ‘పోనీలే, దువ్వుకొనే పని తప్పింది’ అంది. కడుపులో గడ్డ చిన్నదవుతోందని, విడతలన్నీ మానకుండా వేయించుకుంటే చాలని డాక్టరమ్మ చెప్పింది కదా. ఆ మాట పట్టుకునే నేనిక్కడ పుస్తకం తెరుస్తున్నాను.

ఫోన్లో చెప్పలేని సంగతి ఒకటి ఉంది, అందుకే ఈ ఉత్తరం. ఫోన్ మాట్లాడేటప్పుడు అమ్మ నీ పక్కనే ఉంటుంది. ఉత్తరమైతే ఆమె చేతికి చిక్కినా భయం లేదు. మనిద్దరం ఊళ్ళో తెలుగు బడిలో చదివాం, అమ్మ చదివింది అరవం బడిలో. మన అక్షరాలు జిలేబీ చుట్టలని ఆమే అంటుంది కదా.

నాయనా, నువ్వు నాకిచ్చిన పాత ఫోన్లో నీ గుట్టు దొరికింది. పోయిన ఆదివారం వార్డెన్ ఫోన్లు ఇచ్చినప్పుడు పాటల కోసం వెతుకుతుంటే నువ్వు రికార్డు చేసినవి కనిపించాయి. సినిమా పాటలేమో అనుకుని పెట్టాను. చావిళ్ళలో శోకాలు ఎత్తుకునే మన మాదేశ్వరవ్వ గొంతు. కాళియన్ తాత పోయిన రోజుది, పాలక్కోడు అత్త పోయిన రోజుది, నాకు తెలియని చావులవి ఇంకెన్నో. ఊళ్ళో ఎవరు పోయినా ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని పాడే శోకాలన్నీ నువ్వు చొక్కా జేబులో ఫోన్ పెట్టుకుని పట్టుకొచ్చావు. మధ్యమధ్యలో నీ దగ్గు కూడా వినిపిస్తోంది.

నవ్వొద్దు. ఆ పాటలంటే నేనూ చెవి కోసుకుంటాను. పిల్లలు చావింటికి రాకూడదని అమ్మ నన్ను లోపల పెట్టి తలుపేసినప్పుడల్లా కిటికీ దగ్గర నిలబడి వినేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. నీకేం పాటలిష్టమని అడిగిన వాళ్ళకు ఏడుపు పాటలని ఎట్లా చెప్పను? ఆ ఆదివారమే నా పక్క మంచం మణిమేగలై నా చెవిలోని వైరు లాక్కుని తన చెవిలో పెట్టుకుంది. బెదిరిపోయి, మీ ఇంట్లో ఎవరు పోయారని అరవంలో అడిగింది. ఎవరూ పోలేదు, ఊరికే వింటున్నానంటే ఆ రోజంతా నాకు దూరంగా కూర్చుంది.

వాటిలో నీకు ఏది ఇష్టం? నాకు కళ్ళాపి పాట. ‘పొద్దున చల్లిన కళ్ళాపి ఇంకా ఆరలేదే, ఆరకముందే నీ అడుగు ఆగిపాయెనే’ అన్నాక అవ్వ ఊపిరి తీసుకుంటుంది చూడు, ఆ ఊపిరి దగ్గర నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మగవాడివి, నీకీ పిచ్చి ఎట్లా పట్టింది?

నీ దొంగతనం పట్టుకున్న కూతురు,
సరణ్య


మహేంద్రమంగళం
ఆడి నెల

నా బంగారు తల్లికి,

పోస్టాయన దారిలో కనిపించి నీ ఉత్తరం ఇచ్చాడు. పనిలోకి పోయాక, సిమెంటు చేతులతోనే విప్పి చదివాను. చదివి, కడుతున్న గోడ మీదే కూర్చుండిపోయాను. మొదట సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత ఇంకేదో అయింది, దానికి పేరు తెలియదు. ఇన్నేళ్ళూ ఈ పిచ్చి నా ఒక్కడిదే అనుకున్నాను. నా ఇంట్లోనే, కిటికీ అవతల, నా కూతురు నిలబడి వింటోందని నాకేం తెలుసు?

చిన్నప్పుడు మేకలు కాస్తూ శోకం రాగం తీశానని మా నాయన చింతబరికెతో వాయించాడు. ‘మొగోడివి, ఆడోళ్ళ ఏడుపు ఎత్తుకొన్నావా, ఎవరి చావు కోరతా ఉండావు?’ అన్నాడు. అప్పటినుంచి నోరు మూసుకున్నాను గానీ చెవి మూసుకోలేకపోయాను. మన వాళ్ళను చూడు. బస్సులో అరవం, పనిలో అరవం, తిట్టుకునేది కూడా సగం అరవమే. ఏడ్చేటప్పుడు మాత్రం తెలుగు. మాదేశ్వరవ్వ నోట్లో ఆ తెలుగు వింటుంటే మా అవ్వ, ఆమె అవ్వ, నేను చూడని వాళ్ళందరూ వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది.

నీకు తెలుసో లేదో, అవ్వ చావింటికి రాగానే పాడదు. ముందు దొడ్డివైపు పోయి ఆడవాళ్ళను అడుగుతుంది. పోయినావిడ ఏం వండేది, ఎవరితో పోట్లాడేది, ఏం కోరుకుని దక్కించుకోలేకపోయింది. అవన్నీ మనసులో పెట్టుకుని వచ్చి కూర్చుంటుంది. రాగం పాతదే, మాటల వరసలు మాత్రం ఆ మనిషివి. అందుకే ఒక చావుకు పాడింది ఇంకో చావుకు పాడదు.

నీ కళ్ళాపి పాట మంచిదే. కానీ నాది రాగిచేను పాట. ‘సంగటి ముద్ద చల్లారిపాయె, పట్టే చెయ్యి ఏదమ్మా’ అన్నచోట రాగం పైకి పోతుందనుకుంటాం, పోదు, కిందికి దిగిపోతుంది. దానికి సాటి ఏదీ లేదు.

ఒక్క మాట జాగ్రత్త. ఆ రాగం వాకిలి దాటి ఇంట్లోకి రాకూడదు. పైగా మనది మంచాన మనిషి ఉన్న ఇల్లు. అమ్మ ముందు ఈ సంగతి ఎత్తొద్దు. ఆమె బాగానే ఉంది, నిన్న రెండు ముద్దలు ఎక్కువే తింది.

నీ తోడుదొంగ,
నాయన


ధర్మపురి
ఆవణి నెల

ప్రియమైన నాయనకు,

నీ రాగిచేను పాట మళ్ళీ విన్నాను. దిగేచోటు బాగుంది, ఒప్పుకుంటాను. కానీ అక్కడికి రావడానికి ముందు అవ్వ ఒకే మాట మీద ఎంతసేపు నిలబడుతుందో గమనించావా? నువ్వు దిగడం చూస్తున్నావు, నేను నిలబడడం చూస్తున్నాను. నా మాటే నెగ్గింది.

గుడ్డలుతికే బండ దగ్గర నోరు మూసుకుని ఆ రాగం తీస్తున్నాను. ఎంత ప్రయత్నించినా అవ్వ గొంతులోని వణుకు రావడం లేదు. ఒక పాపపు మాట రాస్తాను, తిట్టొద్దు. ఉన్నవన్నీ నోటికి వచ్చేశాయి. ఊళ్ళో ఎవరైనా పోతే బాగుండు, కొత్తది వినొచ్చు అనిపిస్తుంది.

ఇన్నాళ్ళూ నీతో ఏం మాట్లాడాలో నాకు తెలిసేది కాదు. తిన్నావా, చదివావా అంటావు, తిన్నాను, చదివాను అంటాను. ఇప్పుడు వారమంతా నీకు చెప్పాల్సినవి పోగుపడుతున్నాయి. అమ్మ మందు విడతలు సగం దాటాయని ఫోన్లో అన్నావు. మిగతావీ ఇట్లాగే దాటిపోవాలని మొక్కుకున్నాను.

నెగ్గిన కూతురు,
సరణ్య


మహేంద్రమంగళం
ఆవణి నెల

చిట్టి తల్లికి,

ఎవరైనా పోతే బాగుండునని ఇంకెప్పుడూ రాయొద్దు. తిట్టడం అయింది. నాకూ అట్లా అనిపించిన రోజులున్నాయని మాత్రం ఎవరికీ చెప్పకు.

నీ ఉత్తరాలు వచ్చినప్పటి నుంచి నాకు వయసు తగ్గింది. గోడకు సిమెంటు పూత పూస్తుంటే చెయ్యి రాగానికి తిరుగుతోంది. పనివాళ్ళు నవ్వుకుంటున్నారు. నిన్న ఒక తప్పు జరగబోయింది. దొడ్లో అమ్మ గుడ్డలు పిండుతూ ఏదో తలుచుకుంటున్నాను, నోట్లోంచి రాగిచేను రాగం తనంతట తానే వచ్చేసింది. అమ్మ మంచం మీద నుంచి పిలిచి, ‘ఏం పాట అది?’ అంది. సుమ్మా, సినిమా పాట అన్నాను. ఊరికే అన్నట్టు మొహం పెట్టాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

నీ ఉత్తరం చదువుకుంటుంటే కూడా చూసింది. ‘అన్ని కాగితాలు ఏం రాసింది, నాకూ చదువు’ అంది. పరీక్షల గురించి అన్నాను. ‘పరీక్షలకు నవ్వుతారా?’ అంది. కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేసింది. సినిమా పాటని, పరీక్షలని అబద్ధాలాడుతుంటే మనసు ఒప్పుకోవడం లేదు. కానీ శోకం అన్న మాట ఆమె చెవిన ఎట్లా వేయను? ఇవన్నీ ఆమె లేచి తిరిగాక చెప్పి నవ్వుకుందాం.

ఓడిపోని,
నాయన


ధర్మపురి
పురట్టాసి నెల

ప్రియమైన నాయనకు,

ఈసారి పాటల గురించి కాదు. అమ్మ ఎందుకట్లా మాట్లాడుతోంది? ఆదివారం ఫోన్లో నన్ను ఏమీ అడగలేదు, అన్నీ చెప్పింది. ‘మీ నాయనకు సంగటి గెలకడం నేర్పినాను, ఇప్పుడు గడ్డలు కట్టకుండా చేస్తా ఉండాడు’ అంది. తన పట్టుచీర ఏ పెట్టెలో ఉందో చెప్పింది. ‘నువ్వు ఎక్కడికి పోయినా ఆయన్ని చూసి పోతా ఉండు, ఒంటరిగా తినలేడు’ అంది. ఎందుకమ్మా ఇవన్నీ అంటే, సుమ్మా చెప్పినాను అని ఫోన్ పెట్టేసింది.

సేలం పోయి వచ్చారా? నువ్వు ఫోన్లో ఆ మాట ఎత్తనే లేదు. నాకు భయంగా ఉంది. వెంటనే రాయి.

సరణ్య


మహేంద్రమంగళం
పురట్టాసి నెల

నా తల్లి సరణ్యకు,

ఎట్లా రాయాలో తెలియక ఇన్నాళ్ళు రాయలేదు. అమ్మ సేలం రానంటోంది. పోయిన విడత రాలేదు, ఈ విడతా రాలేదు. మొదట నీరసమంది, తర్వాత బస్సు పడదంది. నిన్న గట్టిగా అడిగితే అసలు సంగతి చెప్పింది.

‘నాకు తెలిసిపోయినాది. ఎందుకు దాస్తావు? మా అమ్మ పోయే ముందు మా చిన్నమ్మ పొయ్యి కాడ కూర్చొని ఇదే రాగం తీస్తా ఉండింది. అప్పటికి అమ్మకు ఇంకా ఊపిరి ఉండింది. డాక్టరు చెయ్యి విడిచినాడని చిన్నమ్మకు మాత్రం తెలుసు. నువ్వు నా గుడ్డలు పిండతా అదే తీసినావు.’

కాదన్నాను. ఊరికే ఇష్టంతో తీశానన్నాను. ‘శోకం ఇష్టంతో ఎవరన్నా తీస్తారా?’ అంది. నువ్వు పక్కన ఉంటే నిన్నే చూపించేవాణ్ణి.

‘మరి ఆ ఉత్తరాలు? ఎన్నడూ లేనిది తండ్రీ కూతురూ నాకు రాని అక్షరాల్లో రాసుకొంటా ఉండారు. డాక్టరమ్మ మీకు చెప్పింది, నాకు చెప్పలేదు. అంతే కదా?’

నీ ఉత్తరాలన్నీ తెచ్చి ఆమె పక్కన కూర్చుని చదివాను. కళ్ళాపి పాట, మణిమేగలై బెదిరిపోవడం, అన్నీ. ఎవరైనా పోతే బాగుండునని నువ్వు రాసిన చోట నా నోరు ఆగింది. దాటేసి ముందుకు పోయాను. దాటేశానని ఆమె కనిపెట్టేసింది. అంతా విని, ‘బాగా చదివినావు. నేను చదవలేనిదాన్ని, నువ్వు ఏది చదివితే అది వినాల్సిందే కదా’ అంది.

సరణ్యా, గడ్డ నిజంగానే చిన్నదవుతోంది. ఆమెను బతికించే మందు సేలంలో ఉంది. నా నోటి పాట వల్ల ఆమె దానికి పోవడం లేదు. నేనేం చెప్పినా చావబోయే మనిషిని ఊరడిస్తున్నాననే అనుకుంటోంది. దీపావళి సెలవు దాకా ఆగకుండా రాగలిగితే రా. నీ మాటైనా నమ్ముతుందేమో.

దిక్కుతోచని,
నాయన


ధర్మపురి
ఐప్పసి నెల

ప్రియమైన నాయనకు,

వార్డెన్ సెలవు ఇవ్వకపోవడం వల్ల దీపావళి దాకా రాలేకపోయాను. వచ్చినందుకు ఫలితం దక్కింది కదా, దాన్నే తలుచుకుంటున్నాను.

నువ్వు పాలకు పోయినప్పుడు జరిగింది నీకు పూర్తిగా చెప్పలేదు. మాటలతో నేనూ ఓడిపోయాను. ‘మంచి పిల్లవి, నాయనకు తగినట్టు చెప్తా ఉండావు’ అని తల నిమిరింది. అప్పుడిక దారిలేక ఫోన్ తీసి వైరు ఆమె చెవిలో పెట్టి కాళియన్ తాత శోకం పెట్టాను. మంచాన ఉన్న అమ్మ చెవిలో, నా చేతులతో. అది పాపమైతే పాపం. వేరే రుజువు నా దగ్గర ఏముంది?

అమ్మ కళ్ళు తెరిచే విన్నది. నీ దగ్గు వచ్చినచోట, ‘ఇది మీ నాయన’ అంది. ‘మాదేశ్వరత్త గొంతు బాగుండాది. నాకు ఈ పాటలు పడవు. మా అమ్మ పోయినప్పటి నుంచి వింటే గుండె పట్టుకొంటాది.’ అయినా పాట అయ్యేదాకా వైరు తీయలేదు. తర్వాత, ‘నిజంగా ఇదేనా మీరిద్దరూ రాసుకొనింది?’ అంది. అవునన్నాను. ‘మీ ఇద్దరికీ ఒకటే చెవి’ అని నవ్వి, అటు తిరిగి పడుకుంది.

సేలం వస్తానంది కదా. ఈసారి చెయ్యి పట్టుకుని తీసుకుపో. ఉత్తరంలో పాటల మాట ఇక రాయొద్దు. అమ్మ లేచాక చూద్దాం.

ఆశతో,
సరణ్య


మహేంద్రమంగళం
కార్తిగై నెల

నా తల్లికి,

సేలం పోయి వచ్చాం. మందు ఆపిన ఈ నెలల్లో గడ్డ ఊరుకోలేదట. కాలేయానికి పోయింది, ఊపిరితిత్తులకు పోయింది. ఎందుకు మానేశారని డాక్టరమ్మ నన్ను అడిగింది. తలొంచుకుని నిలబడ్డాను. ఇక మందు ఎక్కించి ఆమెను బాధపెట్టొద్దంది.

అమ్మ అన్నీ విన్నది. ఈసారి ఏ సంగతీ దాచలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ‘ఇప్పుడు నిజంగానే చెయ్యి విడిచినారు కదా’ అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

సెలవు అడిగి వచ్చెయ్యి.

నాయన


ధర్మపురి
మాసి నెల

ప్రియమైన నాయనకు,

కర్మ అయిన మర్నాడే బస్సెక్కి వచ్చేశానని నీకు కోపంగా ఉంటుంది. పరీక్షలని అందరికీ చెప్పాను. పరీక్షలు కావు. నీ మొహం చూడలేక వచ్చాను.

అమ్మను ఎత్తే ముందు మాదేశ్వరవ్వ పాడింది కదా. నేను ఏడవలేదు. విన్నాను. ‘సేలం బస్సు ఎక్కినావే, దిగే ఊరు చెప్పలేదే, కిటికీ సీటు నీదంటివే, తిరిగి మమ్మల చూడలేదే’ అని అవ్వ ఎత్తుకుంటే ఆడవాళ్ళందరూ గుండెలు బాదుకున్నారు. అమ్మ బడిలో పరుగుపందెం గెలిచిందని నాకు తెలియదు. పెళ్ళయిన కొత్తలో నీ సిమెంటు చొక్కాలు ఉతకలేక బావి దగ్గర కూర్చుని ఏడ్చేదని తెలియదు. అవ్వ ఒక్కొక్కటీ పాడుతుంటే తర్వాతి వరస ఏమొస్తుందా అని ఎదురుచూశాను. అమ్మ అక్కడే పడుకుని ఉంది నాయనా. నేను పాట వింటున్నాను.

నిన్ను చూశాను. ఆడవాళ్ళ వెనక గోడకు ఆనుకుని నువ్వూ వింటున్నావు. మన ఇద్దరి కళ్ళే పొడిగా ఉన్నాయి.

చివర అవ్వ గొంతు మార్చి అమ్మే మాట్లాడుతున్నట్టు పాడింది. ‘తండ్రికి బిడ్డకు ఒకటే పాట, అందులో నాకు చోటేదే, చోటు కోసరం చూసి చూసి పాడె ఎక్కినానే.’ అప్పుడు నువ్వు తలెత్తావు. మన సంగతి అవ్వకెట్లా తెలిసిందా అని నేనూ ఉలిక్కిపడ్డాను. బస్సుకు వచ్చే ముందు ఆమె ఇంటికి పోయి అడిగాను.

‘అది నేను కట్టింది కాదు పాపా’ అంది. ‘సేలంలో చెయ్యి విడిచినంక మీ అమ్మ నా దగ్గరికి నడిచి వచ్చినాది. ఆ కాళ్ళతో ఎట్లా వచ్చిందో. మా ఇంట్లో ఇద్దరు దీన్ని ప్రాణంగా వింటారత్తా, ఊరికే అరిచి పోవద్దు, నిదానంగా పాడు, అనింది. అడగాల్సిన పని లేకుండా తన సంగతులన్నీ తానే చెప్పింది. ఆ చివరి వరసలు కూడా ఆమెవే. నవ్వుతానే చెప్పింది.’

మన కోసమే సేలం వచ్చింది గానీ మన మాట నమ్మలేదని మనం అనుకున్నాం. నమ్మింది నాయనా. మనం శోకాలు ఇష్టపడతామని, వాటి గురించే రాసుకున్నామని, ఆమెకు వినిపించకుండా నవ్వుకున్నామని, అంతా నమ్మింది.

అవ్వ పాడినవాటిలో ఆ వరసలకు సాటి లేదు. నీకూ అట్లాగే అనిపించిందని నాకు తెలుసు. ఈ మాట అనడానికి లోకంలో నువ్వు తప్ప నాకెవరూ లేరు, నీ ఎదురుగా అనలేకే పారిపోయి వచ్చాను. ఫోన్లో ఉన్నవన్నీ తుడిచేశాను. నువ్వు కొన్నాళ్ళు నాకు రాయొద్దు, వస్తే చదవాలనిపిస్తుంది. వేళకు తిను.

నీకు ఇన్ని ఉత్తరాలు రాశాను కదా. అమ్మ చదవగలిగేట్టు అరవంలో ఒక్కటి కూడా రాయలేదు.

సరణ్య